అమ్మాసి గ్లాసు

"ఫాదర్ ఐకెన్‌ని రేపు పొద్దున చంపేస్తారు."

జార్జి టౌన్‌లో కాగితాల కొట్టు పైనున్న గదిలో ఆ ముక్క చెప్పి చీఫ్ వెంకటసుబ్బారావు తాపీగా కాఫీ చప్పరించాడు.

"ఫాదర్ కాదు సార్, పాస్టర్," అంది ఏజెంట్ రంజని. "ఆ తేడా పేరు చెప్పే ఐర్లండ్‌లో వేలమంది చచ్చారు."

"ఏదో ఒకటిలే! బెల్‌ఫాస్ట్ ప్రొటెస్టెంట్. రెండు ఐర్లండ్‌లూ ఒకటైతే మనకేం భయం లేదని తనవాళ్లకే చెబుతున్నాడు. రేపు మీ తొండియార్‌పేట తెలుగు చర్చి నుంచి ఆ ప్రసంగం లైవ్. కాప్‌స్టన్ అనే ముఠా ఈలోపే ఆయన్ని లేపేసి, నేరం కాథలిక్కుల మీద తోస్తుంది. ప్రొటెస్టెంట్లు బెదిరిపోతారు. ఇక ఏకీకరణ మాట ఎవడూ ఎత్తడు."

"ముఠాలో మన మనిషెవరు?"

"ఆయన కూతురే. హేజెల్. కోడ్‌వర్డ్, 'హార్బర్‌లో వాన'."

ఆదివారం. బ్రోచ్‌లో కెమెరా, కొంగు చాటున పిస్టల్. రంజని ఆడవాళ్ల వైపు ముందు బెంచీలో కూర్చుంది. పక్కనే హేజెల్, నీలం పట్టుచీర, ఎర్రజుట్టు. మగవాళ్ల తలలు సగం ఇటే తిరిగి ఉన్నాయి, సిగ్గులేని మొహాలు! ప్రభువు బల్ల ఆరాధనలో అందరికీ పంచే చిట్టి గ్లాసుల్లో ద్రాక్షరసం నింపింది కూడా ఆమేనని పాస్టరమ్మ ఒకటే మురిసిపోతోంది.

"హార్బర్‌లో వాన," గొణిగింది హేజెల్. "హంతకుడు గేటు దగ్గరున్నాడు, తెల్ల చొక్కా. వెళ్లు."

రంజని లేవబోయింది. అప్పుడే గ్లాసుల ట్రే బయల్దేరింది.

హేజెల్ ఎరిగిన చర్చిలో మొదటి గ్లాసు వేదిక మీది అతిథిది. ఇక్కడ మాత్రం ఆ వారం చర్చి ఊడ్చినవాళ్లది. నలభై ఏళ్లుగా అది ముసలి అమ్మాసిదే.

ట్రే వేదిక మీదున్న ఐకెన్‌ను దాటి, రంజనికి అవతలి పక్కన కూర్చున్న అమ్మాసి ముందు ఆగింది. హేజెల్ చెయ్యి గబుక్కున లేచింది. మళ్లీ ఒళ్లోకి దిగింది. ముసలిది పోతే పోనీ అన్నట్టు వాచీ చూసుకుంది.

ఆ గ్లాసులో విషం ఉందని రంజనికి అర్థమైంది. ఒళ్లు మండిపోయింది. సభంతా తలలు వంచుకుని ఉండగా, అమ్మాసి పెదవికి తగలబోతున్న గ్లాసు లాక్కుని హేజెల్ చేతిలో పెట్టింది. పిస్టల్ ఆమె పక్కటెముకలకు ఆనించింది.

"కన్నతండ్రినే?"

"మా అన్నను కాల్చినవాళ్లతో ఒకే ఇంట్లో ఉండమంటున్నాడు. మేం మైనారిటీ అయిపోతాం. నీకేం తెలుసు?"

"మేం ఇక్కడ నాలుగు తరాలుగా మైనారిటీయే. అరవల మధ్య తెలుగువాళ్లం, పైగా కిరస్తానీలం. ఎవర్నీ చంపకుండానే బతికాం. తాగు, గుండెపోటని చెబుతాం. లేదా బేడీలు. లైవ్‌లో, మీ నాన్న చూస్తుండగా."

హేజెల్ వేదిక వైపు చూసింది. గటగటా తాగేసింది.

ఇన్నేళ్లకు కూతురు ప్రభువు బల్లలో పాలు పంచుకుందని ముసలాయన కళ్లు తుడుచుకున్నాడు. ప్రసంగం మొదలుపెట్టాడు. మధ్యలో హేజెల్ తల రంజని భుజం మీదికి వాలింది. పాపం, ప్రయాణం బడలిక అనుకుని ఆయన గొంతు కాస్త తగ్గించాడు. రంజని ఆ బరువును కదలకుండా మోస్తూ చివరి ఆమేన్ దాకా కూర్చుంది.

అవతలి నుంచి అమ్మాసి మోచేత్తో పొడిచింది.

"ఏం పాపా, వారమంతా ఊడ్సింది నేను. మొదటి గ్లాసు ఆ దొరసానికిస్తివే!"