వీపున గాయము

కొలనుగిరి దుర్గపు తూర్పుగోడ పొడవునా ఆ ఉదయము నెత్తురు ఎండి నల్లబడియుండెను. తెగిన చేతులు, విరిగిన ఈటెలు, పేగులు బయటపడి ఇంకను తన్నుకొనుచున్న గుఱ్ఱములు! శత్రువు తోక ముడిచి పోయెను గాని, గెలిచితిమని కేకవేయుటకు ఆ గోడమీద మిగిలినవారెవరు?

సేనాపతి బొప్పన నాయకునికి ఆ గెలుపు రుచింపలేదు. చచ్చిన బంట్ల తల్లులు, ఆలులు శవములను మోసికొనివచ్చి రాజనగరు వాకిట పరుండబెట్టి, ప్రక్కనే కూర్చుండిరి. వీపున గాయముతో చచ్చినవాడు పిఱికిపంద. వానికి చితి లేదు, కళేబరము నక్కలపాలు, మాన్యము రాజుపాలు. మంత్రి గుండన ప్రెగ్గడ రాజుచేత వేయించిన శాసనమది. ఔరా! కోట వెనుకటి దిడ్డివాకిలి కావలి విడిచి పరుగెత్తినవాడు మంత్రిగారి బావమరిది. శత్రువులు ఆ దారినే దూరి గోడమీది వీరులను వెనుకనుండి పొడిచిరి. ఆ సంగతి శవములతోపాటు మాయము కావలెనని మంత్రి ఆరాటము.

“నాయకా! ఈ మూకను గుఱ్ఱములతో తొక్కింపుము!” అని మంత్రి మేడమీదినుండి గర్జించెను.

తిన్న ఉప్పు ఒకవైపు, తనతో పోరిన బంట్ల శవములు ఒకవైపు. నాయకుడు అడకత్తెరలో పోకచెక్క అయ్యెను. అందఱికన్న ముందు కూర్చున్న ముసలి చవుడమ్మను సమీపించి, “అమ్మా, లెమ్ము. నాచేత ఈ పాపము చేయింపకుము” అని బ్రతిమాలెను.

“మేం రాయి విసిరామా, ఒకరిని తిట్టామా నాయనా? నా కొడుకు ఎరపోతుకు నిప్పు పెట్టనియ్యి, లేచిపోతాను. కాదంటే వాడి పక్కనే నన్నూ తొక్కించు.”

ఇంతలో మంత్రి సొంత రౌతులు మీదబడిరి. డెక్కలక్రింద ఎముకలు ఫెళఫెళ విరిగెను. ఒకతె తల పగిలి ఒరిగిపోగా, వెనుకనున్నది జరిగి ఆ చోటనే కూర్చుండెను. చేయెత్తినవారు లేరు, పారిపోయినవారును లేరు.

నాయకుడు ఖడ్గము విప్పి నేలనుంచి, మేడకు వీపు త్రిప్పి చవుడమ్మ సరసన కూర్చుండెను. “ప్రభువు పగవారిని నఱికిన చేయి ఇది, ప్రభువు బిడ్డలపై లేవదు. ఈ శాసనము రద్దగువఱకు నా చోటు ఇదియే!”

మంత్రి సైగచేసెను. బాణము నాయకుని వీపున దిగి ఱొమ్మున పొడుచుకొనివచ్చెను. వాకిటనున్న నాయకుని సైనికులందఱు ఒక్కమాఱు కత్తులపై చేయివేసిరి.

“దూయకుడు!” అనెను నాయకుడు నెత్తురు క్రక్కుచు. “దూసితిరా, మంత్రి మనలను ద్రోహులని చాటును. కూర్చుండుడు.”

పండ్లు కొఱుకుచు, కన్నీరు కార్చుచు సైనికులు కూర్చుండిరి. నాయకుడు చవుడమ్మ ఒడిలో ప్రాణము విడిచెను.

ఆ వార్త చెవినిబడి రాజు మల్లరసు పాదరక్షలైన లేక పరుగున వచ్చెను. “అయ్యో, నా కుడిభుజము కూలెనే! చందనపు చితి పేర్చుడు!” అని విలపించెను.

చవుడమ్మ శవముపై చేయి అడ్డముపెట్టెను. “ఏలినవారు మన్నించాలి. గాయం వీపున ఉంది. ఏలినవారి శాసనంలో ఈయనా పిరికివాడే. మా బిడ్డలతోపాటు నక్కలు తినాల్సిందే.”

రాజు మంత్రివంక చూచెను; మంత్రి వెనుకకు జరిగెను. రాజు సిగ్గుతో క్రుంగిపోయెను. కావలివాని చేతి గొడ్డలి లాగికొని, వాకిటనున్న శాసనపు రాతిని ముక్కలుచేసి, మంత్రికి సంకెలలు వేయించెను.

అప్పుడు లేచెను చవుడమ్మ. కొడుకు కాళ్లు తాను పట్టుకొని, “తలవైపు పట్టండి ప్రభూ” అనెను.

రాజు వంగి పట్టెను.