కటింగ్ హాల్లో చీకటి తెర

కూపీ పిన్ని ఆఫీసు మెట్లు ఎక్కేవాళ్ళలో భయపడుతూ వచ్చేవాళ్ళే ఎక్కువ. ఆ ఉదయం వచ్చిన మనిషి మాత్రం ఎవరో ఒకరి పని పట్టడానికే వచ్చినట్టుంది. మెడలో కొలతల టేపు వేలాడుతోంది. చంకలో ఉన్న లాప్‌టాప్‌ని తీసి ఠపీమని బల్ల మీద పెట్టింది.

"నేను యూనిఫాంలు కుట్టే కంపెనీలో కటింగ్ మాస్టర్నండి. ఇది తెరుచుకోవడం లేదు. నాకు చేతకాదంటున్నారు. ఎవరో కావాలని చేస్తున్నారని నేనంటున్నా. ఆ ఎవరో ఎవరో మీరు తేల్చాలి."

పిన్ని తాపీగా కళ్ళజోడు సవరించుకుంది. ఇన్సూరెన్సు కంపెనీలో దొంగ క్లెయిముల కూపీ లాగి లాగి రిటైరైన మనిషి ఆమె. ఇంట్లో కూర్చుంటే తోచక డిటెక్టివ్ ఆఫీసు తెరిచింది. బోర్డు మీద ఏ పేరున్నా వీధి వీధంతా పిలిచేది కూపీ పిన్ని అనే. ఆమెకు సహాయకుడు సొంత అక్క కొడుకు. వాణ్ణి అందరూ తొందర అంటారు. కంప్యూటర్ కోర్సు పూర్తయ్యేదాకా కూడా ఆగలేకపోయినవాడికి అంతకంటే మంచి పేరు దొరకదు.

తొందర ముందుకు ఉరికి లాప్‌టాప్ మూత ఎత్తి, బటన్ నొక్కాడు. నల్లటి తెర కోసం చూస్తున్నవాడికి నిరాశే మిగిలింది. తెర చక్కగా వెలిగింది.

"చూశారా దీని వేషాలు!" అంది మాస్టరమ్మ. "పరాయిచోట మహా బుద్ధిమంతురాలు. రిపేరు షాపులోనూ ఇంతే. మా హాల్లో పెట్టి నొక్కితే దీపం వెలుగుతుంది, ఫ్యాను తిరుగుతుంది, తెర మాత్రం అమావాస్య. షాపతను లోపలివన్నీ బిగించాడు, ఛార్జరు మార్చాడు. ఇంకేమీ లేదమ్మా, నీ భ్రమ అన్నాడు."

"హాల్లో ఒక్కసారి కూడా వెలగలేదా?" అడిగింది పిన్ని.

"ఒకసారి విసుగొచ్చి చేతుల్లోకి ఎత్తుకున్నా. వెలిగింది. మళ్ళీ పెట్టగానే పోయింది."

పిన్ని ఆ మాటను చిన్న పుస్తకంలో రాసుకుంది.

మాస్టరమ్మ మిగతాది గడగడా చెప్పేసింది. కొలతలు ఇస్తే లాప్‌టాప్ నమూనా గీస్తుంది, పక్కనున్న పెద్ద ప్రింటరు దాన్ని కాగితం మీద వేస్తుంది, ఆ కాగితం పెట్టి బట్ట కోస్తారు. సాయంత్రం ఆస్పత్రివాళ్ళు వస్తున్నారు. నర్సుల కొత్త యూనిఫాం నమూనా వాళ్ళ కళ్ళ ముందు గీసి చూపించాలి. చూపించలేకపోతే రేపట్నుంచి ఆమె కాజాలు కుట్టే బల్ల దగ్గర కూర్చోవాలి. యజమాని ఆ మాట హాలందరి ముందే చెప్పాడు, పైగా ఆడలేక మద్దెల ఓడు అని సామెత కూడా జోడించాడు.

"పోనీ, ఇంకో చోట ఉద్యోగం చూసుకోవచ్చుగా?" అన్నాడు తొందర.

"నేనెందుకు చూసుకోవాలి? తప్పు చేసినవాడు చూసుకుంటాడు."

పిన్నికి ఆ జవాబు నచ్చింది. లేచి చెప్పులు వేసుకుంది.

కుట్టుమిషన్లు బారులు తీరిన పొడవాటి హాలది. ఒక చివర కటింగ్ బల్ల, దాని పక్కన ప్రింటరు, ప్రింటరును ఆనుకుని పల్చటి చెక్కతో చేసిన ఏటవాలు స్టాండు. లాప్‌టాప్ జారిపోకుండా స్టాండుకు ముందు చిన్న పట్టీ ఉంది. అందుకని అది ఎప్పుడూ ఒకేచోట కుదురుకుంటుంది. ప్రింటరు వైరు కూడా అక్కడిదాకే వస్తుంది.

మాస్టరమ్మ లాప్‌టాప్‌ని స్టాండు మీద పెట్టి బటన్ నొక్కింది. దీపం వెలిగింది, ఫ్యాను తిరిగింది, తెర నల్లగా ఉండిపోయింది.

తొందరకు పూనకం వచ్చింది. ప్లగ్గు మార్చాడు. ప్రింటరు వైరు పీకాడు. బటన్ని వేలు నొప్పెట్టేదాకా నొక్కి పట్టుకున్నాడు. స్టాండును కాస్త వెలుతురులోకి జరుపుదామని అడుగున చెయ్యి వేసి, కెవ్వుమని వెనక్కి లాక్కున్నాడు. వేలి కొసన రక్తం చుక్క.

"కుట్టుపని చోట గుండుసూదులు కాక పూలు గుచ్చుకుంటాయా నాయనా?" అన్నాడు వెనకనుంచి ఒక ముసలాయన. ఆయన పాత మాస్టరు. లాప్‌టాప్ వచ్చేదాకా ఆ కటింగ్ బల్ల ఆయనదే. మణికట్టుకు అయస్కాంతం పట్టీ, దాని నిండా గుండుసూదులు. "ఆ స్టాండు నేనే చేశాన్లే. అమ్మాయి వంగి వంగి నడుం పట్టేసిందంటే."

తొందర వేలు చప్పరించుకుంటూ లాప్‌టాప్‌ని కటింగ్ బల్ల మీదికి మార్చబోయాడు. ఇంతలో చేతిలో తాళాల గుత్తితో, నలగని చొక్కాతో ఒకాయన గబగబా వచ్చాడు. యజమాని అల్లుడు. స్టోరు, హాలు తాళాలు రెండూ ఆయన చేతిలోనే.

"అక్కడ పెట్టకండి, బట్ట దుమ్ము లోపలికి పోతుంది. స్టాండు మీదే ఉంచండి. అసలు మన కరెంటుకి ఇలాంటివి ఆగవని మావయ్యగారికి మొదట్నుంచీ చెప్తూనే ఉన్నా."

పిన్ని అదేమీ పట్టనట్టు మిషన్ల మధ్య తిరుగుతోంది. ఒకామె దగ్గర ఆగి, "పనెలా ఉందమ్మా?" అంది.

"ఏం పనండీ! ఇదివరకు పొద్దస్తమానం పాటలు వచ్చేవి. ఆ స్పీకరు మూగబోయినకాడ్నుంచి చెయ్యే సాగట్లేదు."

స్పీకరు అల్లుడుగారి గదిలో గోడకు వేలాడుతోంది. పిన్ని వెళ్ళి, ఒక పాట పెట్టమని అడిగింది. చెడిపోయింది, బాగుచేయించాలి అన్నాడాయన. తర్వాత ఆమె పాత మాస్టర్ని పక్కకు పిలిచింది.

"నిజం చెప్పండి, మీకు ఆ యంత్రమంటే గిట్టదు కదూ?"

"గిట్టదు. ఎందుకు గిట్టాలి? కానీ ఒప్పుకోకపోతే కళ్ళు పోతాయి. నేను కోస్తే సంచుల నిండా పీలికలు మిగిలేవి. అది గీసినట్టు కోస్తే ఏకంగా తానుకు తానే మిగులుతుంది."

"మిగిలిన తానులు ఏవి మరి?"

"స్టోరు లోపలికి మమ్మల్నెవర్ని రానిస్తారమ్మా?"

బయటి వరండాలో తొందర ఆగలేకపోయాడు. "పిన్నీ, కేసు అయిపోయింది. కుర్చీ పోయింది ఆయనకి, స్టాండు చేసింది ఆయన. ఇంకేం కావాలి?"

"కుర్చీ పోయినవాడి మీద అనుమానం ఎవడికైనా వస్తుందిరా. ఆ సంగతి చేసినవాడికీ తెలుసు. నువ్వెళ్ళి పెద్దాయన్ని పిలుచుకురా. అల్లుణ్ణి కూడా."

యజమాని వచ్చేసరికి సాయంత్రమైంది. బట్టతల, బరువైన నడక, ఎదుటివాళ్ళు చెప్పేది సగమే వినే అలవాటు. అల్లుడు ఆయన పక్కనే నిలబడ్డాడు. పాత మాస్టరు, మాస్టరమ్మ కటింగ్ బల్లకు చెరోవైపు నిలిచారు.

పిన్ని లాప్‌టాప్‌ని స్టాండు మీంచి తీసి కటింగ్ బల్ల మీద పెట్టి బటన్ నొక్కింది. తెర వెలిగింది. మళ్ళీ స్టాండు మీద పెట్టింది. చీకటి.

"జబ్బు యంత్రానిది కాదండీ, పీటది," అంటూ లాప్‌టాప్‌ని పక్కన పెట్టి స్టాండును తిరగేసింది. అడుగున జిగురుతో అతికించిన నల్లటి గుండ్రటి బిళ్ళ. దాని చుట్టూ గుండుసూదులు ముళ్ళపందిలా నిక్కబొడుచుకుని ఉన్నాయి. తొందర తన వేలు చూసుకున్నాడు.

"ఇది అయస్కాంతం. లాప్‌టాప్ మూతలో కూడా చిన్న అయస్కాంతం ఉంటుంది. మూత దగ్గరికి రాగానే కింద భాగం దాన్ని పసిగట్టి తెర ఆపేస్తుంది. అడుగునుంచి ఇంత పెద్దది పెడితే, మూత తెరిచే ఉన్నా పాపం అది మూసేశారనుకుంటుంది. చేతుల్లోకి ఎత్తితే వెలిగిందని మాస్టరమ్మ చెప్పినప్పుడే పీట మీద నాకు అనుమానం వచ్చింది."

అందరి కళ్ళూ పాత మాస్టరు మణికట్టు మీద పడ్డాయి. ఆయన ముఖం తెల్లబోయింది. "నేను కాదమ్మా..."

"మీరు కాదు. సూదులతో బతికినవాళ్ళెవరూ ఈ హాల్లో అయస్కాంతం దాచిపెట్టరు. రాలిన సూదులన్నీ దాన్ని వెతుక్కుంటూ వస్తాయని మీకు తెలుసు. దాచినవాడు జన్మలో సూది పట్టినవాడు కాదు. పైగా మీ పట్టీలో ఉన్నది వేలెడంత. ఇంత పెద్దది పాటల స్పీకర్లలో ఉంటుంది."

తొందర అప్పటికే అల్లుడి గదిలోంచి స్పీకరును పీక్కొచ్చాడు. వెనక పలక ముట్టుకోగానే ఊడిపోయింది. లోపల అయస్కాంతం ఉండాల్సిన చోట ఖాళీ.

"ఎవరో నా గదిలోకి..." అని అల్లుడు నీళ్ళు నమిలాడు.

"మీ గది తాళం మీ గుత్తిలోనే ఉందిగా. హాలు పొద్దున్నే తెరిచేదీ మీరే. లాప్‌టాప్ స్టాండు మీదే ఉండాలని పట్టుబట్టిందీ మీరే." పిన్ని మాస్టరమ్మ వైపు తిరిగింది. "పోయిన నెల ఆర్డరుకి ఎంత బట్ట పట్టిందో చూడమ్మా."

మాస్టరమ్మ లాప్‌టాప్‌లో చూసి చెప్పింది. యజమాని నొసలు ముడిచాడు. తాను కొన్నది అంతకంటే చాలా ఎక్కువ. ఏమీ అడగకుండా అల్లుడి చేతిలోంచి గుత్తి లాక్కుని, స్టోరు తెరిచి చూశాడు. మిగిలిన తానులతో నిండి ఉండాల్సిన అరల్లో చీపురు, రెండు ఖాళీ అట్టపెట్టెలు ఉన్నాయి.

"పాత పద్ధతిలో తాను మాయమైనా పీలికల్లో పోయిందనేయొచ్చు, లెక్క ఎవరూ అడగరు," అంది పిన్ని. "ఈ యంత్రం అడుగుతుంది. అందుకే దాన్ని వెళ్ళగొట్టాలనుకున్నారు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి సంగతేమో గానీ, గుండుసూదులు పట్టేశాయి."

అల్లుడు తల దించుకుని బయటికి నడిచాడు. ఎవరూ ఆపలేదు.

యజమాని స్టోరు తలుపు దగ్గరికి వేసి గొంతు తగ్గించాడు. "అమ్మా మాస్టరమ్మా, నీ కుర్చీ నీదే. వాడి సంగతి ఇంట్లో నేను చూసుకుంటా. కూతురి కాపురం. బయట మాత్రం యంత్రం చెడింది, బాగైంది అనేద్దాం. సరేనా?"

తొందర ప్రాణం ఉసూరుమంది. ఎవరైనా సరే అనేస్తారు. కుర్చీ దక్కింది, ఇంకేం కావాలి?

"యంత్రం చెడలేదండీ," అంది మాస్టరమ్మ. "నేనూ చెడలేదు."

అప్పుడే ఆస్పత్రివాళ్ళు వచ్చారు. తెల్లజుట్టు పెద్ద నర్సు, వెంట మరో ఇద్దరు. యజమాని నవ్వు పులుముకుని ఎదురువెళ్ళి కుర్చీలు వేయించాడు. మాస్టరమ్మ లాప్‌టాప్ ఆపేసి, హాలు మధ్యలో ఒక మిషను బల్ల మీదికి తెచ్చి, మూత ఎత్తి నిలబడింది.

"మొదలుపెట్టమ్మా," అన్నాడు యజమాని.

ఆమె చేతులు కట్టుకుంది. "ఆడలేక మద్దెల ఓడన్నారు. ఇక్కడే నిలబడి, వీళ్ళందరి ముందే అన్నారు. ఆ మాట ఇక్కడే వెనక్కి తీసుకోండి. తర్వాత నొక్కుతా."

"ఇప్పుడా? వాళ్ళ ముందా?"

"అప్పుడూ అందరూ ఉన్నారు కదండీ."

మొదట ఆగింది పాత మాస్టరు కత్తెర. తర్వాత ఆ పక్క మిషను, దాని వెనక మిషను. హాలంతా చప్పుడు చల్లారింది. పెద్ద నర్సు వింతగా చూస్తోంది. తొందర పిన్ని వైపు చూస్తే ఆమె కదలకుండా నిలబడి, జీవితంలో మొదటిసారి ఎవరినో మెచ్చుకుంటున్నట్టు కనిపించింది.

యజమాని ముఖం తుడుచుకున్నాడు. వాకిలి వైపు చూశాడు, అక్కడ అల్లుడు లేడు. "తప్పు నాదే," అన్నాడు చివరికి, హాలంతటికీ వినపడేలా. "యంత్రం పనిచెయ్యకుండా చేసింది మా ఇంటి మనిషి. మాస్టరమ్మకి పని రాదని నేనన్నది అబద్ధం."

మాస్టరమ్మ మెడలోని టేపు తీసి పెద్ద నర్సు భుజం మీద పెట్టింది.

"మీ కొలతలతోనే మొదలుపెడదామండీ," అని బటన్ నొక్కింది.