తాయెత్తులో తాళంచెవి

ఏజెంట్ క్రాంతికుమార్ సర్వీసులో దిక్కుమాలిన పనులు చాలానే చేశాడు గానీ, సిద్ధాంతి వేషంలో సినిమా హీరో మెడకి తాయెత్తు కట్టడం మాత్రం ఇదే మొదలు.

మూడు రోజుల కింద బంజారా హిల్స్‌లో, ఒక పళ్ళ డాక్టరు క్లినిక్ పై అంతస్తులో బ్రీఫింగ్ జరిగింది. చీఫ్ రాజ్యలక్ష్మికి ఉపోద్ఘాతాల అలవాటు లేదు.

"టార్గెట్ హీరో చింటుబాబు. రెండు కోట్ల మంది ఫాలోవర్లు. శుక్రవారం పుట్టినరోజు. ఉదయం పదకొండింటికి ఆయన అకౌంట్‌లోంచి డీప్‌ఫేక్ వీడియో వదుల్తారు. 'కృష్ణానగర్‌లో నన్ను కొట్టారు, వాళ్ళని వదలకండి' అని. అప్పటికి జూబ్లీహిల్స్‌లో ఆయన గేటు ముందు ఇరవై వేల మంది అభిమానులుంటారు."

"చేసేదెవరు?"

"మాగ్‌పై. విదేశీ ముఠా. పాస్‌వర్డ్ ఎప్పుడో కొట్టేశారు. ఇక వాళ్ళకి కావాల్సింది రెండో తాళం."

"పాస్‌వర్డ్ మార్చేద్దాం మేడమ్."

"మారిస్తే దొంగ దొరకడు." ఆవిడ టేబుల్ మీద వేలిగోరంత యూఎస్‌బీ కీలు రెండు పెట్టింది. "ఇది అసలు సెక్యూరిటీ కీ, పాస్‌వర్డ్ కొట్టాక ఇది గుచ్చితేనే అకౌంట్ తెరుచుకుంటుంది. నీ దగ్గరే ఉంచుకో. రెండోది డమ్మీ. ఏ కంప్యూటర్‌కి గుచ్చినా నీ వాచీ మోగుతుంది. దీన్ని తాయెత్తులో పెట్టి హీరోకి కట్టు. లోపల కీ ఉందని ఒక్క మనిషికే చెప్పు."

"ఎవరికి?"

"లాస్యకి."

లాస్య ఎనిమిదేళ్ళుగా క్రాంతి పార్ట్‌నర్. డిజిటల్ మేనేజర్‌గా చింటుబాబు క్యాంపులో చేరమని ఆమెని పంపింది డిపార్ట్‌మెంటే. ఈ ఏడాది మూడు ఆపరేషన్లు బయటికి పొక్కాయి. చీఫ్ కాక ఆ మూడూ తెలిసినవాళ్ళు ఇద్దరే. అతనూ, ఆమే.

"ఆమె కాదు మేడమ్."

"కాకపోతే వాచీ మోగదు. నాకూ అదే కావాలి."

శుక్రవారం. ఫిల్మ్‌నగర్‌లో కోర్టు సెట్. చింటుబాబుకి నలభై ఆరు నిండాయి, అయినా ఇంకా చింటుబాబే. ఆయన టచప్ మనిషి బాలనర్సయ్యకి ఒక చేతిలో పౌడర్ పఫ్, ఇంకో చేతిలో హీరోగారి ఫోను. షాట్ నడుస్తున్నంతసేపూ ఫోను అతనిదే. బ్యాంకువాళ్ళయినా, పాలవాడయినా, ఎవరు ఓటీపీ అడిగితే వాళ్ళకి సెట్టంతా వినపడేలా చదివేస్తాడు. ఆ క్యాంపులో ఓటీపీ అంటే గుళ్ళో ప్రసాదం, చెయ్యి చాపినవాడికల్లా పెట్టడమే! అది చూసి ఒళ్ళు మండి, బుధవారమే క్రాంతి ఆ అకౌంట్‌కి మెసేజ్‌లో కోడ్ వచ్చే దారి మూసేశాడు.

పదీ నలభై. అసిస్టెంట్ డైరెక్టర్ కేకేశాడు. "బాబూ, కంటిన్యుటీ! నిన్నటి షాట్‌లో తాయెత్తు లేదు!"

చింటుబాబు విసుక్కుంటూ తీశాడు. పట్టుచీరలో, నల్లకళ్ళజోడుతో లాస్య చెయ్యి చాపింది.

"నేను జాగ్రత్త చేస్తాలెండి సిద్ధాంతిగారూ." ఎప్పటిలాగే ఎవరూ చూడకుండా క్రాంతికి కన్నుకొట్టి, కారవాన్ ఎక్కింది.

మోగకు, అనుకున్నాడు వాచీ వంక చూస్తూ. తల్లీ, మోగకు. పన్నెండు నిమిషాలు అదే జపం. నుదుటి మీద విభూతి చెమటకి కారిపోయింది.

పదీ యాభై రెండు. వాచీ మోగింది.

ఛీ అనిపించింది. ఎవరి మీదో తెలీలేదు. అక్కడే ఓ కుర్చీలో కూలబడ్డాడు. అది డమ్మీ, దాంతో ఏ తలుపూ తెరుచుకోదు, తొందరేముంది అనుకున్నాడు. లేచి కారవాన్ వైపు నడిచేసరికి పదీ యాభై ఎనిమిది అయింది. అప్పుడే వెనక నుంచి, తన ఫోను చెవికి పెట్టుకున్న బాలనర్సయ్య గొంతు ఖంగున వినిపించింది.

"ఆఁ, లాస్య మేడమ్! వచ్చింది వచ్చింది, ఓటీపీ! రాసుకోన్రి. నాలుగు... ఏడు..."

మూసేసిన దారి ఎవడు తెరిచాడు? క్రాంతి పంచె ఎగగట్టి పరిగెత్తాడు.

"ఒకటి... సున్నా..."

లైటు స్టాండు దాటి, కేబుళ్ళ మీంచి దూకి, బాలనర్సయ్య నోరు మూశాడు. చివరి రెండంకెలు ఆ నోట్లోనే ఉండిపోయాయి. హీరో ఫోను లాక్కుని, మెసేజ్ దారి మళ్ళీ మూసి, పాస్‌వర్డ్ మార్చి తలెత్తేసరికి సరిగ్గా పదకొండు. వీడియో పోలేదు.

"నన్నెందుకు పట్టుకుంటవ్ అయ్యగారూ?" అన్నాడు బాలనర్సయ్య, ఊపిరాడక. "పుట్టినరోజుకి కొత్త ఫోన్ వచ్చింది. అండ్ల అకౌంట్ తెరుస్తుంటే కీ పెట్టు, కీ పెట్టు అంటుందంట. పాతలెక్కనే మెసేజ్ పెట్టుమని పొద్దుగాల బాబే చెప్పిండు!"

కృష్ణానగర్ జనం ప్రాణాల కంటే చింటుబాబు చిరాకు పెద్దది మరి.

కారవాన్‌లో లాస్య పారిపోయే ప్రయత్నం చెయ్యలేదు. విప్పిన తాయెత్తు ల్యాప్‌టాప్ పక్కనే ఉంది.

"డమ్మీనా?"

"ఆఁ."

"ఇందులో కీ ఉందని ఇంకెవరికి చెప్పావు?"

"నీకొక్కదానికే."

ఆమె తల దించుకుంది. ఎందుకు చేశావని అడుగుదామనుకున్నాడు. నోట్లోంచి ఇంకోటి వచ్చింది.

"కిందటేడు నాకు జ్వరమొస్తే మధురానగర్ దాకా వచ్చి ఇడ్లీలు ఇచ్చావు. అప్పటికే వాళ్ళ మనిషివా?"

"అప్పటికి రెండేళ్ళు." లాస్య కళ్ళజోడు తీసింది. "ఇడ్లీలు మాత్రం నిజంగానే తెచ్చాను క్రాంతీ."

ఆ మాట అనకుండా ఉంటే బాగుండేది. తిట్టుకోవడానికైనా వీలుండేది.

ఆమెని తీసుకెళ్ళాక పంచనామా మొదలైంది. సాక్షి సంతకానికి బాలనర్సయ్యని కూర్చోబెట్టి, లాస్య ఫోను ప్లాస్టిక్ కవర్లో వేసి సీలేసి అతని ముందు పెట్టారు. ఇంతలో చీఫ్ ఫోన్.

"ముందు నీ సొంత అకౌంట్లు చూసుకో. ఎక్కడైనా ఆమె నంబరు ఉంటే తీసెయ్."

క్రాంతి కారవాన్ మెట్టు మీద కూర్చుని సెట్టింగ్స్ తెరిచాడు. ఊరందరికీ తాళాలు వేసే మనిషి! నమ్మకమైన నంబరు అన్నచోట ఒక్కటే నంబరుంది, లాస్యది. ఎనిమిదేళ్ళ కింద, ఇంకెవరిది ఇవ్వాలో తోచక ఇచ్చిన నంబరు. దాని పక్కన 'తొలగించు' నొక్కాడు.

'నిర్ధారణ కోసం ఆ నంబరుకే కోడ్ పంపించాం' అంది స్క్రీను.

సీలేసిన కవర్లో ఫోను జుయ్యిమని వెలిగింది. బాలనర్సయ్య ముందుకి వంగి, కళ్ళు చికిలించి చూశాడు.

"సారూ, మీకే ఓటీపీ వచ్చినట్టుంది. చదవమంటరా?"