అరవై నాలుగు లేసు పువ్వులు

ఫోను మోగేసరికి బేబీ నోటి నిండా చేపల పులుసు అన్నం ఉంది. ఎడం చేత్తో ఫోను లాక్కుని, ముద్ద గబుక్కున మింగి, "సత్యకుమారి లేసులు, మొగల్తూరు! మేనేజర్‌ని మాట్లాడుతున్నానండి!" అంది.

మేనేజర్ గారికి పదకొండేళ్ళు. చదివేది ఆరో తరగతి. సత్యకుమారి అంటే వాళ్ళ అమ్మ. ఆ కంపెనీ పుట్టి అప్పటికి తొమ్మిది రోజులే అయింది. అందులో పని చేసేది అమ్మ, మాట్లాడేది బేబీ. కంపెనీకి ఉన్న ఆస్తి ఒక కొక్కెం సూది, ఒక బిస్కెట్ల డబ్బా, అద్దం పగిలిన ఒక ఫోను.

"బాబోయ్, మేనేజర్ గారే!" అని అవతల ఒకావిడ నవ్వింది. "నేను రాజమండ్రి నుంచి సూర్యకళనమ్మా. మీ లావణ్య టీచర్‌కి అక్కని. మీ అమ్మగారు అల్లిన లేసు పువ్వు ఫొటో తీసి పంపింది. ఎంత బావుందో! మా భోజనాల బల్ల మీదకి అలాంటి పువ్వులతో ఒక గుడ్డ కావాలి. వరసకి ఎనిమిది, ఎనిమిది వరసలు. మొత్తం అరవై నాలుగు. ఎప్పటికి ఇవ్వగలరు?"

మొదటి ఆర్డరు!

అమ్మ పెరట్లో గిన్నెలు తోముతోంది. ఒక్క కేక వేస్తే వచ్చేది. వెయ్యాలి కూడా. కానీ అమ్మ చేతులు కడుక్కుని రావడానికి ఒక నిమిషం పడుతుంది. మన బేబీ దగ్గర ఆ ఒక్క నిమిషం ఎప్పుడూ ఉండదు.

"వచ్చే ఆదివారం కాక, పై ఆదివారానికి ఇచ్చేస్తామండి!"

"అంత తొందరగానా? భలే! ఆ రోజే మా ఇంటికి చుట్టాలు భోజనానికి వస్తున్నారు. అదే పరుస్తాను."

"పరిచాక ఒక ఫొటో పంపుతారా అండి? మా అమ్మకి చూపించాలి."

"తప్పకుండానమ్మా."

ఆ ఫొటో సంగతి మీకు చెప్పాలి. సత్యకుమారి పన్నెండో ఏట లేసు సూది పట్టుకుంది. ఇరవై ఎనిమిదేళ్ళుగా అల్లుతూనే ఉంది. ఏజెంటు చంద్రరావు గారు దారం ఇస్తారు. ఆవిడ పువ్వులు అల్లి ఇస్తే సంచీలో వేసుకుని నరసాపురం తీసుకెళ్తారు. అక్కడ ఇంకెవరో వాటిని ఒకదానికొకటి కలిపి, ఉతికి, ఇస్త్రీ చేస్తారు. ఆ తర్వాత ఓడెక్కి ఏ దేశమో వెళ్ళిపోతాయి.

చంద్రరావు గారు మంచి మనిషే. కళ్ళు మూసుకుని పువ్వుని వేళ్ళ మధ్య తడిమి, "ఇది సత్యకుమారి చెయ్యి" అని చెప్పేయగలరు. దారం ఒకటే, సూది ఒకటే, పువ్వు ఒకటే అయినా అల్లే చెయ్యి మాత్రం ఎవరిది వాళ్ళదే. ఒకరిది బిగువు, ఒకరిది వదులు.

ఇన్నేళ్ళలో వేల పువ్వులు వెళ్ళిపోయాయి. ఒక్కటి కూడా ఎవరింట్లో ఎలా ఉందో సత్యకుమారి చూడలేదు.

"ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, నా పువ్వులన్నీ ఒక బల్ల మీద పరిచి ఉంటే చూడాలనుందే" అనేది అప్పుడప్పుడూ.

"మనింట్లో పరుద్దాం అమ్మా!"

"మనకి బల్లేదే పిచ్చిదానా? చాప మీద కూచుని తినేవాళ్ళం."

నవ్వుతూనే అనేది. కానీ ఆ తర్వాత కాసేపు గుమ్మం బయటికి చూస్తూ ఉండిపోయేది. అలా చూసినప్పుడల్లా బేబీకి ఏడుపొచ్చేది. కంపెనీ పెడదామని బేబీ పట్టుపట్టింది అందుకే.

"అమ్మా! ఆర్డరొచ్చింది! అరవై నాలుగు పువ్వులు!" అని పెరట్లోకి పరిగెత్తింది.

అమ్మ చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. "నిజంగానే? ఎప్పటికి కావాలన్నారు?"

"పై ఆదివారానికి. ఆ రోజుకి ఇవ్వకపోతే వద్దన్నారు."

ఈ రెండో మాట ఎవరూ అనలేదు. అది బేబీ నోట్లోంచి దానంతటదే జారిపడింది. జారాక చేప ముల్లులా గొంతులో గుచ్చుకుంది.

అమ్మ వేళ్ళు లెక్కపెట్టుకుంది. ఇంటి పనులన్నీ చేసుకుని రోజుకి నాలుగు పువ్వులు అల్లగలదు. అంటే పదహారు రోజులు. వాటిని కలపడానికి ఇంకో రోజు. పై ఆదివారం పొద్దున్నే లావణ్య టీచర్ రాజమండ్రి బస్సెక్కుతారు, ఆవిడ చేతికే ఇచ్చి పంపాలి.

"అల్లడానికి పన్నెండు రోజులే ఉన్నాయే తల్లీ. సరేలే. ఈ రెండు వారాలూ చంద్రరావు గారి దారం వద్దంటాను."

అలా మొదలైంది. అమ్మ వంట అయ్యేలోపు ఒక పువ్వు, నీళ్ళు పట్టే చోట బిందె నిండేలోపు సగం పువ్వు అల్లింది. నాన్న గంగాధర్ పడవ మీద చేపల వేటకి వెళ్ళాడు. ఉంటే పాపం అన్నమైనా వండేవాడు. రోజూ సాయంత్రం బేబీ పువ్వులు లెక్కపెట్టి బిస్కెట్ల డబ్బాలో వేసేది. లెక్క మేనేజర్ పని కదా!

అమ్మ నాలుగు అల్లేచోట ఐదు అల్లిన రోజులే ఎక్కువ. అయినా తొమ్మిదో రోజుకి బేబీకి అర్థమైపోయింది. యాభై ఎనిమిది దాటవు. ఆరు పువ్వులు తక్కువ పడతాయి.

అప్పుడైనా నిజం చెప్పేస్తే సరిపోయేది. చెప్పలేదు. దారం ఉండ ఒకటి, పాత సూది ఒకటి స్కూలు బ్యాగులో వేసుకుంది. మధ్యాహ్నం బెల్లు కొట్టగానే సైకిల్ స్టాండు వెనక కూచుని అల్లింది. పువ్వు అల్లడం అమ్మే నేర్పింది. "నీ చెయ్యి ఇంకా కుదరలేదే, ఆర్డర్ల జోలికి రాకు" అని కూడా చెప్పింది. ఆ మాట బేబీకి గుర్తుంది. కానీ తన పువ్వుని అమ్మ పువ్వు పక్కన పెట్టి చూస్తే అచ్చం ఒకేలా ఉంది. రోజుకి రెండు చొప్పున మూడు రోజుల్లో ఆరూ డబ్బాలోకి చేరిపోయాయి.

"అరవై నాలుగు!" అని శుక్రవారం సాయంత్రం బేబీ అరిచింది.

"అయిపోయాయా! నేను అన్ని అల్లానంటావా?" అని అమ్మ ఆశ్చర్యపోయి, కళ్ళు నులుముకుని నవ్వింది.

మర్నాడు శనివారం. అమ్మ పొద్దున్నే చాప వేసుకుని కూచుని పువ్వుల్ని కలపడం మొదలుపెట్టింది. ఒకటో వరస, రెండో వరస, మూడో వరస. పాల నురుగులా గుడ్డ పెరుగుతుంటే బేబీకి సంతోషం పట్టలేదు. గుమ్మానికీ చాపకీ మధ్య పదిసార్లు గెంతింది.

మధ్యాహ్నం మూడింటికి ఎనిమిదో వరస అయింది. అమ్మ గుడ్డని చాప మీద పరిచి అరచేత్తో నిమిరింది. ఒక మూల పైకి లేచింది. మళ్ళీ నిమిరింది. మళ్ళీ లేచింది. ఆ మూలంతా బుడగలొచ్చినట్టు ఉబ్బెత్తుగా ఉంది.

అమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. ఆ మూలనున్న పువ్వుల్ని ఒక్కొక్కటే వేళ్ళతో తడిమింది. ఆవిడ మొహం పాలిపోయింది.

"బేబీ, నా చెయ్యి పోయిందే."

"అదేంటమ్మా?"

"చూడు, ఇవి ఎంత వదులుగా ఉన్నాయో. ఎప్పుడు అల్లానో కూడా తెలీడం లేదు. చూపు తగ్గిందని తెలుసు గానీ, చెయ్యి కూడా పోతుందనుకోలేదు." అమ్మ అరచెయ్యి చాపి చూసుకుంది. "ఇరవై ఎనిమిదేళ్ళ చెయ్యే ఇది!"

బేబీ ఫోను పట్టుకుని అక్కడే నిలబడింది.

"ఆ మేడం గారికి చెప్పేయి. మా వల్ల కాలేదండి, క్షమించండి అని చెప్పు. రేపు చంద్రరావు గారి దగ్గర దారం తెచ్చుకుంటాను. ఈ సొంత పనులు మనకెందుకే? అసలు ఇంత చేతకానిదాన్ని ఆయనైనా ఉంచుకుంటారో లేదో." అమ్మ గుడ్డని మడతపెట్టడం మొదలుపెట్టింది. "పోనీలే. ఒక బల్ల మీద చూద్దామనుకున్నాను. రాసిపెట్టి లేదు."

బేబీ ఏమీ అనకపోతే ఎవరికీ ఏమీ తెలీదు. ఆ సంగతి బేబీకి బాగా తెలుసు. ఫోను చేతిలోనే ఉంది. కానీ అమ్మ తన వేళ్ళ వంక తనే చూసుకుంటోంది. అవి ఎవరివో అన్నట్టు చూసుకుంటోంది. అది మాత్రం బేబీ భరించలేకపోయింది.

చాప మీద కూలబడి గుడ్డని మళ్ళీ విప్పింది. ఒక పువ్వు మీద వేలు పెట్టింది.

"ఇది నాది."

అమ్మకి అర్థం కాలేదు.

"ఇది కూడా నాదే. ఇది, ఇది, ఈ రెండూ. స్కూల్లో అల్లి డబ్బాలో వేసేశానమ్మా. నీ చెయ్యి పోలేదమ్మా! ఇవి నావి!" అని వెక్కివెక్కి ఏడ్చింది.

అమ్మ ఆ పువ్వుని తడిమింది. పక్కనున్న తన పువ్వుని తడిమింది. మళ్ళీ రెండూ తడిమింది.

"అయితే నా చెయ్యి బాగానే ఉందా?"

"బంగారంలా ఉందమ్మా!"

అమ్మ ఒక్కసారిగా ఊపిరి వదిలింది. నవ్వబోయి ఆగి, కళ్ళెర్రజేసింది. "ఎందుకు చేశావే ఇలా? ఆదివారానికి కాకపోతే వద్దన్నారనా?"

ఇంకా ఒక ముల్లు మిగిలే ఉంది. బేబీ తల వంచుకుంది. "ఆవిడ అలా అనలేదు. ఎప్పటికి ఇస్తారని అడిగారంతే. ఆదివారమని నేనే అన్నాను."

"నన్ను ఒక్క మాట అడిగితే నీ సొమ్మేం పోయేదే? అల్లేదాన్ని నేను కదా!"

"తొందరగా ఇస్తే నువ్వు తొందరగా చూస్తావని..."

అమ్మకి కోపంగా ఉంది, బాధగా ఉంది, ఈ పిల్లని దగ్గరకి తీసుకోవాలనీ ఉంది. చివరికి కొంగుతో బేబీ ముక్కు తుడిచి, "ఇరవై ఎనిమిదేళ్ళు ఆగాను. ఇంకో వారం ఆగలేనా?" అంది. "ఫోను చెయ్యి. ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పు."

బేబీ ఫోను చేసింది. ఈసారి మేనేజర్ అని చెప్పుకోలేదు.

"నేను బేబీనండి. గుడ్డ రేపు ఇవ్వలేమండి. తప్పు మా అమ్మది కాదు. అమ్మని అడక్కుండా ఆదివారమని నేనే చెప్పేశాను. పైగా ఆరు పువ్వులు నేను అల్లి కలిపేశాను. అవి బాలేవండి, తీసేసి అమ్మ మళ్ళీ అల్లాలి."



"అయ్యో, అందరికీ చెప్పుకున్నానమ్మా!" సూర్యకళ గారి గొంతులో నవ్వు లేదు. "సర్లే, రేపటికి పాతదే వేసుకుంటాను. మరి ఎప్పటికవుతుంది? ఈసారి మీ అమ్మగారిని అడిగి చెప్పు."

బేబీ అమ్మ వైపు తిరిగింది. అమ్మ నిదానంగా లెక్కపెట్టి, "వచ్చే ఆదివారానికి టీచర్ గారికిచ్చి పంపుతామని చెప్పు" అంది. బేబీ అదే మాట చెప్పింది.

ఆ సాయంత్రం ఇద్దరూ ఆరు పువ్వుల్నీ జాగ్రత్తగా గుడ్డలోంచి విడదీశారు. బేబీ కొస పట్టుకుని లాగితే పువ్వు గిర్రున తిరుగుతూ కరిగిపోయింది. మూడు మధ్యాహ్నాల పని నిమిషాల్లో దారమైపోతోంది. ఐదు అలా విప్పాక ఆరోదాన్ని అమ్మ లాక్కుంది.

"ఇది ఉండనీ. వచ్చే ఏడు నువ్వు అల్లేదాని పక్కన పెట్టి చూసుకుందాం." దాన్ని గోడ మీద క్యాలెండరుకి పిన్నీసుతో గుచ్చింది.

వారం తిరిగింది. గుడ్డ చాప మీద చదునుగా పరుచుకుంది. ఒక్క మూల కూడా లేవలేదు. ఆదివారం పొద్దున్న లావణ్య టీచర్‌తో పాటు బస్సెక్కి వెళ్ళిపోయింది.

ఆదివారం ఫొటో రాలేదు. సోమవారం రాలేదు. మంగళవారం కూడా రాలేదు. అమ్మ ఏమీ అడగలేదు. కానీ టీవీ పక్కన చార్జింగు పెట్టిన ఫోను టింగుమన్నప్పుడల్లా అమ్మ సూది ఆగిపోయేది.

"నేను అడగనా అమ్మా? ఒక్క మెసేజే!"

"వద్దు. ఆవిడ ఇల్లు, ఆవిడ బల్ల. పంపాలనిపిస్తే పంపుతారు. లేకపోతే లేదు."

బేబీకి చేతులు దురద పెట్టాయి. అయినా అడగలేదు. పిల్ల ఎంత కష్టపడి ఊరుకుందో మీరు ఊహించుకోవచ్చు.

బుధవారం సాయంత్రం ఫొటో వచ్చింది.

పెద్ద బల్ల. బల్ల నిండా తెల్లటి పువ్వులు. పక్కన కిటికీలోంచి ఎండ పడుతోంది. బల్ల మీద పూలూ లేవు, పండ్లూ లేవు. లేసు పువ్వులు బాగా కనబడాలని సూర్యకళ గారు అన్నీ తీసేసి ఫొటో తీశారు.

అమ్మ చేతులు కొంగుకి తుడుచుకుని ఫోను రెండు చేతులతో పట్టుకుంది. వేలితో తెర మీద పువ్వుని తడమబోయింది. ఫొటో పక్కకి జరిగిపోయింది. "అయ్యో, పోయిందే!" అని కంగారు పడింది. బేబీ దాన్ని వెనక్కి తెచ్చి, పెద్దది చేసి ఇచ్చింది. అమ్మ ఒక్కో వరసా చూసుకుంటూ వెళ్ళింది. కళ్ళజోడు వెనక నీళ్ళు తిరిగాయి.

"ఇలా ఉంటాయా! ఇన్నాళ్ళూ ఇలా ఉన్నాయన్నమాట!" అంది మెల్లగా.

ఫోను టింగుమంది. ఫొటో పైన సూర్యకళ గారి మెసేజ్ కనబడింది. 'మా ఆడపడుచుకి కూడా ఇలాంటిదే కావాలట. ఈ నెలాఖరుకి ఇవ్వగలరా?'

బేబీ నోటి దాకా "ఇస్తాం!" వచ్చేసింది. దాన్ని అక్కడే నొక్కిపట్టింది.

"అమ్మా, ఇంకో ఆర్డరు. నెలాఖరుకి కావాలట. ఎన్నాళ్ళు పడుతుందో నువ్వే చెప్పు."

"చెప్తాను. ఉండవే, కాసేపు చూడనీ."

బేబీ అమ్మ పక్కన చాప మీద చతికిలబడింది. అమ్మ ఇంకా నాలుగో వరసలోనే ఉంది. బేబీ గడ్డం అమ్మ భుజానికి ఆనించి, ఎనిమిదో వరస అయ్యేదాకా కదలకుండా కూచుంది.