చిన్న నంబరు ముందు

"ఒక్క నిమిషమండీ, ఫోటో ఒక్కటే!" అంటూ, ఉద్యోగంలో చేరిన రోజే అతను లైన్లో ఆమెను దాటుకుని ముందుకు దూరాడు. ఆ తొందర పుణ్యమా అని అతని ఐడీ కార్డు మీద 411 పడింది, ఆమె కార్డు మీద 412. అప్పుడు ఆమె చూసిన చూపు రెండేళ్ళయినా అతను మర్చిపోలేదు.

మర్చిపోయే వీలూ లేదు. అతను రాసే కెర్నెల్ కోడంతా, అంటే మెషీన్‌ని లోపల్నుంచి నడిపే ప్రోగ్రామంతా, ఆమె చూసి సరేనంటేనే ముందుకెళ్తుంది. ఏది పంపినా తిప్పి పంపుతుంది కాబట్టి టీమంతా ఆమెను వాపసు మేడం అంటారు. ఏం చెడినా కోడ్ మధ్యలో 'ఇక్కడిదాకా వచ్చింది' అని స్క్రీన్ మీద చూపే ప్రింట్లు నాలుగు పెట్టి చూస్తాడు కాబట్టి అతను ప్రింటు బాబు. పదకొండు వాపసులు తిన్నాక, పన్నెండోసారి పంపడానికి తనకెందుకింత ఉబలాటమా అని ఆలోచిస్తే, పాపం, అప్పుడు తెలిసింది. ప్రేమించేశాడు.

చెప్పడానికి మాత్రం నోరు పెగల్లేదు.

ఈలోగా పని పీకల మీదికి వచ్చింది. మెషీన్ పావుగంటకోసారి బిగుసుకుపోతోంది. సాయంత్రం అయిదులోగా బాగవకపోతే అతని ఆరు నెలల కష్టాన్ని రిలీజులోంచి తీసేస్తారు. సోమవారం నుంచి అతన్ని పై అంతస్తుకి మార్చేస్తారు. పై అంతస్తులో వాపసు మేడం ఉండదు.

ప్రింట్లు పెట్టాడు. బగ్ మాయమైంది. తీసేశాడు. మళ్ళీ ప్రత్యక్షం!

"ప్రింటు పెడితే మీ కోడ్ నెమ్మదిస్తుంది. ఇక అదీ, దాని పక్కన నడిచే నా కోడూ ఎదురుపడవు, గొడవా ఉండదు" అంటూ ఆమె కుర్చీ లాక్కుని పక్కనే కూర్చుంది. "తాళాలు చూపించండి."

"తప్పు మీ కోడ్‌లో ఉందండీ."

"మీదాంట్లో!"

తాళమంటే, ఒక కోడ్ వాడుకుంటున్నదాన్ని ఇంకో కోడ్ ముట్టకుండా వేసుకునే అడ్డు. చూస్తే, అతని కోడ్ ఫైళ్ళ తాళం పట్టుకుని మెమరీ తాళం కోసం ఎదురుచూస్తోంది. ఆమె కోడ్ మెమరీ తాళం పట్టుకుని ఫైళ్ళ తాళం కోసం ఎదురుచూస్తోంది. చేతిలోది ఎవరూ వదలరు, కావలసింది ఎవరికీ దొరకదు. మెషీన్ అక్కడే నిలబడిపోతోంది.

"మీది మార్చండి."

"నేనెందుకు మార్చాలి?"

అంతలో అతని ఫోన్ మోగింది. అమ్మ.

"ఏరా, ఆ అమ్మాయికి చెప్పావా?"

"తనే ముందు ఏమైనా అంటుందేమోనని చూస్తున్నానమ్మా" అని గొణిగాడు.

"ఆ పిల్లా అలాగే చూస్తూ కూర్చుంటే? ఎవరో ఒకరు ముందు కదలాలి కదరా!"

ఆవిడ గొంతుకి స్పీకర్ అక్కర్లేదు. అతను ఫోన్ పెట్టేసి బిక్కుబిక్కుమంటూ చూశాడు. ఆమె స్క్రీన్ మీంచి కళ్ళు తిప్పలేదు గానీ, చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"తాళాలన్నిటికీ పట్టికలో నంబర్లున్నాయి కదా" అన్నాడు మాట మారుస్తూ. "ఎవరైనా సరే, చిన్న నంబరు తాళమే ముందు పట్టుకోవాలని రూలు పెడదాం."

ఆమె పట్టిక తెరిచింది. ఫైళ్ళ తాళం మూడు. మెమరీ తాళం ఏడు.

"అయితే నా కోడే మార్చాలి" అంది మెల్లగా. రెండేళ్ళలో ఆమె ఓడిపోవడం అదే మొదలు. రెండు లైన్లు పైకీ కిందికీ మార్చింది. ఇద్దరూ గడియారం చూస్తూ కూర్చున్నారు. గంట గడిచినా మెషీన్ ఆగలేదు. అయిదుకి మేనేజరు వచ్చి చూసి, "రిలీజులో వెళ్ళనివ్వండి" అని పోయాడు.

అతను సంతోషంగా లేవబోయాడు.

"కూర్చోండి" అంది ఆమె. "రూలంటే రూలేనా?"

"రూలేనండీ."

"మీ నంబరెంత?"

అతను మెడలోని కార్డు చూసుకున్నాడు. "నాలుగు వందల పదకొండు."

"నాది పన్నెండు. మీ అమ్మగారన్నట్టే నేనూ ఆర్నెల్లుగా చూస్తూ కూర్చున్నాను. ఆ రోజు లైన్లో ముందుకు దూరింది ఎవరు? అనుభవించండి."

"మీరంటే నాకు చాలా ఇష్టం, పెళ్ళి చేసుకుందామండీ!" గుక్క తిప్పుకోకుండా అనేసి కళ్ళు మూసుకున్నాడు, పన్నెండో వాపసు కోసం.

"మొదటిసారే ఓకే" అంది ఆమె నవ్వుతూ. "ఫోన్ ఇలా ఇవ్వండి. అత్తయ్యగారికి నేను చెప్తాను."