బోల్టులు బిగించేటప్పుడు మాట్లాడకూడదు

"హలో! ఇక్కడ మెకానిక్ ఎవరండీ?"

షెడ్డు గుమ్మంలో నిలబడి అతను అడిగినదాంట్లో తప్పేమీ లేదు. అడిగిన సమయమే తప్పు.

ఇంజిన్ మీదికి వంగి బోల్టు బిగిస్తున్న అమ్మాయి ఎడమచెయ్యి ఎత్తి ఆగమంది. అతను అది పలకరింపు అనుకుని తనూ చెయ్యి ఊపాడు. "మా తాతయ్య పికప్ అండీ. గుండ్రటి లైట్లు, ఆకుపచ్చ రంగు. దాని ఇంజిన్ మీ దగ్గరే..."

ఆమె రెంచి కింద పెట్టేసింది.

"అయిపోయింది."

"ఇంజినా? అప్పుడేనా?"

"నా పని. ఇప్పుడు మళ్ళీ మొదటి నుంచి."

ఆ షెడ్డులో ఒక నియమం ఉంది. బోల్టులు ఒక వరసలో, రెంచి 'టిక్' అనేదాకా బిగించాలి. మధ్యలో ఎవరు మాట్లాడినా అన్నీ వదులు చేసి మొదటి బోల్టు నుంచి రావాలి. ఆ నియమం పెట్టింది షెడ్డు యజమాని, అంటే ఆమె తండ్రి. ఒకప్పుడు కబుర్లలో పడి ఒక బోల్టు మరిచిపోయి, ఎవరి బండినో నడిరోడ్డు మీద ఆగిపోయేలా చేసిన ఘనుడాయన.

"నోటికి తాళం వేసుకుంటే లోపల ఉండొచ్చు. లేదంటే బయట బెంచీ ఉంది," అందామె.

అతనికి మొక్కల నర్సరీ ఉంది. మొక్కలు ఎంత వాగినా ఊరుకుంటాయి కాబట్టి, అతని నోటికి తాళం అలవాటు లేదు.

అయినా ఇంజిన్ చూసే వంకతో రోజూ వచ్చేవాడు. ఆమె అతన్ని 'మొక్కలబ్బాయి' అనేది. అతను ఆమెను 'హెడ్మిస్ట్రెస్ గారూ' అనేవాడు. నూనె రాసిన పిస్టన్లు ఒక్కొక్కటే దింపుతుంటే పక్కన నిలబడి సాయం పట్టేవాడు.

"మెల్లగా! అది మొక్క కాదు, నొక్కి పాతెయ్యడానికి."

"మీరలా కసిరితే పిస్టన్ అయినా వాడిపోతుందండీ."

"వాడిపోవడం మా దగ్గర లేదు. తుప్పు పట్టడమే."

కానీ బోల్టులు మొదలయ్యాయంటే చాలు, సరిగ్గా మధ్యలో అతని నోరు జారేది. వాన వస్తోందని ఒకసారి, టీ చల్లారిపోతోందని ఇంకోసారి. ఆమె చెడామడా తిట్టి, మళ్ళీ మొదలుపెట్టేది. తండ్రి మూలన కూర్చుని కార్బురేటర్ కడుక్కుంటూ వినీ విననట్టు ఊరుకునేవాడు.

చివరికి సిలిండర్ల మీద మూతలా కూర్చునే హెడ్ ఒక్కటే మిగిలింది.

"తాతయ్య ఫోన్ చేశారు," అన్నాడతను ఆ రోజు. "బండి స్టార్ట్ కాగానే తెచ్చెయ్యమన్నారు. నర్సరీ కొండ అవతలికి మారుస్తున్నాం. మొక్కలన్నీ దాంట్లోనే వెళ్ళాలి."

"ఓ," అందామె. అంతకంటే చిన్న మాట దొరకలేదు.

హెడ్ కూర్చోబెట్టి మొదటి బోల్టు బిగించింది. టిక్. రేకుల మీద వాన మొదలైంది. అతను చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఈ ఒక్కరోజైనా ఆమెను విసిగించకూడదని ఒట్టు పెట్టుకుని వచ్చాడు మరి.

టిక్. టిక్. వద్దన్నన్ని రోజులూ వాగిన మనిషికి ఇవాళ ఏం రోగం? వాన గురించైనా ఒక మాట అనొచ్చుగా! ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది. చివరి బోల్టు మీద రెంచి పెట్టింది. ఇది బిగిస్తే ఇంజిన్ పూర్తవుతుంది, అతను వెళ్ళిపోతాడు. రెంచి సగం తిరిగింది.

"మీరిక ఇటువైపు రానే రారా?"

అడిగింది ఆమే.

అతను రెంచిని చూశాడు, ఆమెను చూశాడు. "హెడ్మిస్ట్రెస్ గారూ, మధ్యలో మాట్లాడారు."

"తెలుసు."

"అన్నీ వదులు చెయ్యాలి."

"తెలుసండీ! ముందు అడిగినదానికి చెప్పండి."

"నాకు మీరంటే చాలా ఇష్టం," అన్నాడతను. "మొదటిరోజు తెలియక మాట్లాడాను. తరవాతవన్నీ కావాలనే. ఇంజిన్ అయిపోతే నాకిక్కడేం పనుంటుంది?"

"నాకు తెలుసు. టీ చల్లారిపోతోందన్న రోజు గ్లాసులోంచి పొగలొస్తూనే ఉన్నాయి."

"మరి తిట్టారేం?"

"తిట్టకపోతే మానేస్తారని."

మూల నుంచి తండ్రి గొంతు సవరించుకున్నాడు. "బాబూ, మీ తాతగారిని ఇక్కడికే రమ్మను. బండి చూసుకున్నట్టూ ఉంటుంది, నేనూ ఆయనతో రెండు మాటలు మాట్లాడినట్టూ ఉంటుంది."

"ఏం మాటలండీ?"

"బోల్టుల దగ్గర చెప్పే మాటలు కావులే."

ఆమె తల వంచుకుని బోల్టులన్నీ వదులు చేసి, మళ్ళీ మొదటిది అందుకుంది. అతను ఏదో అనబోయాడు. ఆమె ఎడమచెయ్యి ఎత్తింది. ఈసారి అతను దాన్ని పలకరింపు అనుకోలేదు. మెల్లగా పట్టుకున్నాడు.

"వదలండి. ఒంటిచేత్తో బిగించలేను," అంది నవ్వాపుకుంటూ.

"మాట్లాడావు!" మూల నుంచి తండ్రి కేక వేశాడు. "మళ్ళీ మొదటి నుంచి!"