రాహేలమ్మ నోట కొత్త భాష

కొరియా భాషలో వాక్యం కూర్చడం నందికొట్కూరు చుట్టుపట్ల నాకన్నా తెలిసినవాడు లేడు. ముందు ఎవరు, ఆ తర్వాత ఏమిటి, చివర పని. అచ్చం మన తెలుగు లాగానే. ఇంత సులువైన భాషకు లేవి కూతురు మహిమ అన్ని తంటాలు ఎందుకు పడిందో దేవునికే తెలియాల.

ఆ పొద్దున కూడా మహిమ తల్లి మంచం పక్కన కూర్చుని, ఒక చేత్తో రాగిజావ తాపుతూ, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని అదే పాఠం వల్లిస్తోంది. "జొనున్ మురుల్ మాషొయో." నేను నీళ్ళు తాగుతాను. పక్షవాతం కొట్టినప్పటి నుంచి రాహేలమ్మకు మాట లేదు. కూతురి నోటి వంక చూస్తూ జావ మింగుతుంది, అంతే.

పెనుకొండ దిక్కున ఒక కొరియా కంపెనీలో మహిమకు ట్రైనింగు సీటు వచ్చింది. సోమవారం చేరాలి. లేవి ఒప్పుకోలేదు.

"నువ్వు పోతే మీయమ్మను చూసేదెవరు? నేను చేను ఇడిసి ఈడ కూసుంటే తినేదేమి?" అని చేనికి వెళ్ళిపోయాడు.

ప్రార్థన చేసిపోదామని చర్చిలో పాటలు పాడే ప్రేమజ్యోతి గడప దాటిందో లేదో, రాహేలమ్మ పెదాలు కదిలాయి.

"మురుల్... మాషొయో."

"ప్రభువా! వదిన అన్యభాషలు మాట్లాడతాంది!" ప్రేమజ్యోతి బైబిలు గుండెకదుముకుని వీధిలోకి పరుగెత్తింది. "పరిశుద్ధాత్మ దిగినాడమ్మా, రాండి!"

కాకులు కూడా ఎగరలేక నడిచిపోయే ఎండలో ఊరంతా ఆ వాకిట్లో నిలబడింది. చేతులెత్తి స్తుతించినవాళ్ళలో పక్కింటోణ్ణి నేనూ ఉన్నా. అది కొరియా మాటని నాకు తట్టనే లేదు. మొదట్లో కొట్టిన డబ్బా అక్కడే మూసేసినా.

లేవి చేనులోంచి ఉరికొచ్చి మంచం కాడ మోకరించాడు. ఏడ్చాడు. "మహిమా, నువ్వు సోమవారం పో తల్లీ. మీయమ్మ లేస్తాది. ఇంగ నిన్ను ఆపను."

మహిమ నోరు తెరవలేదు. తెరవకుంటే చాలు, బస్సెక్కొచ్చు. సంచిలో బట్టలు కూడా సర్దుకుంది.

ఆదివారం పొద్దున లేవి తెల్లచొక్కా తొడుక్కున్నాడు. "ఈపొద్దు చర్చిలో సాక్ష్యం చెప్తా. నా ఇంట్లో దేవుడు చేసిన మేలు అందరూ వినాల."

"చెప్పొద్దు నాయనా."

"ఏమి?"

"అది ఆత్మ ఇచ్చిన అన్యభాష కాదు. నేను చదివే కొరియా మాట. విని విని అంటాంది."

లేవి చెయ్యి లేచి గాల్లోనే ఆగింది. "పోయేదానివి నోరు మూసుకొని పోక, నా నోట్లో మన్ను కొడ్తాండావా?"

"దేవుని ముందర నీతో అబద్ధం చెప్పించి, నేను యాడికని పోయేది?"

లేవి గడప మీద కూలబడ్డాడు. "అంటే ఏమి, ఆ మాటకు?"

"నీళ్ళు తాగుతా అని."

అతని ముఖం మళ్ళీ వెలిగింది. "ఓసి పిచ్చిదానా! మీయమ్మ దప్పికై అడుగుతాంటే మనం చప్పట్లు కొడ్తాండామా!"

చెంబెడు నీళ్ళు తెచ్చి పెదాలకు ఆనించాడు. రాహేలమ్మ మూతి తిప్పుకుంది. నీళ్ళు మెడ మీదుగా దిండులోకి పోయాయి. "మురుల్ మాషొయో," అంది మళ్ళీ, పైకప్పు చూస్తూ. అది ఉత్త శబ్దమని, దాని వెనక మనిషి అడిగేది ఏమీ లేదని తండ్రీ కూతుళ్ళకు ఒకేసారి తెలిసింది. ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు.

సోమవారం బస్సు వచ్చింది, పోయింది. మహిమ సంచి విప్పి బట్టలు దండెం మీద వేసింది. లేవి చేనికి పోకుండా మంచం కాడే కూర్చున్నాడు.

"నిన్ను ఈడ కట్టేసినా తల్లీ," అన్నాడు. "ఇంగోటి చదువు. నేనూ అంటా. మీయమ్మ ఒక్కతే ఎందుకు అనాల?"

మహిమ ఏడుస్తూనే చదివింది. లేవి తప్పో ఒప్పో అన్నాడు. రాహేలమ్మ మెల్లగా చెయ్యెత్తి మొగుడి తల మీద పెట్టింది.

ఇందులో అన్నీ జరిగినవే. ఆ చెయ్యి లేచిందనే మాట మాత్రం నా కల్పన. చూస్తా ఊరికే ఉండలేక, కథలో నేనే ఎత్తినా.